బస్సు ఉచితమే... మరి ఊరు చూసేదెలా?

2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. 2025 జూలై నాటికి ఈ జీరో టికెట్లు 200 కోట్లు దాటాయని ప్రభుత్వం డిపోల్లో వేడుకలు కూడా జరిపింది. ఆ ఏడాది ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో అలాంటి పథకమే వచ్చింది. ఈ డబ్బు ఎవరు కడతారు, ఆర్టీసీ అప్పుల మాటేమిటి, ఆటో నడుపుకునేవాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా అని అడుగుతున్నారు. ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. పేపర్ల ముందు పేజీలు అడుగుతూనే ఉన్నాయి. కానీ వాటి మధ్య ఇంకో మాట వినిపిస్తూ ఉంటుంది, అదే నాకు గుచ్చుకుంటుంది. "ఆడవాళ్లు పనీపాటా లేకుండా ఊళ్లు తిరుగుతున్నారు" అని. 2024లో బస్సులో కూర్చుని వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటున్నారంటూ వీడియోలు తిప్పి నవ్వుకున్నారు. బస్సెక్కి కూడా వంటపని వదలని మనిషిని పనీపాటా లేనిదని ఎలా అన్నారో నాకైతే అర్థం కాలేదు.

సరే, తిరుగుతున్నారనే అనుకుందాం. తిరిగితే ఏం? సాయంత్రం పూట చౌరస్తాకి వెళ్లి టీ తాగి, నాలుగు కబుర్లు చెప్పుకుని వచ్చే మగవాణ్ణి "ఏం పనుండి వెళ్లావు?" అని ఎవరూ అడగరు. ఆడమనిషి గడప దాటాలంటే మాత్రం ఆస్పత్రో, పెళ్లో, గుడో, పిల్లల ఫీజో ఏదో ఒక కారణం చేతిలో ఉండాలి. ఊరికే ఊరు చూడ్డం అనేది కారణాల జాబితాలో లేదు.

నేను పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. చార్మినార్‌కి నడిచి ఐదు నిమిషాల దూరం. ఇరవై ఏళ్లకి పైగా రోజూ ఈ దారినే వస్తూ పోతూ ఉండడంతో ఊరు చూడ్డానికొచ్చే ఆడవాళ్లు నా కళ్లముందే మారారు. ఇదివరకు వచ్చేవాళ్లంతా ఇంటాయన వెనకాలో, పెళ్లి బట్టలకొచ్చిన గుంపులోనో ఉండేవాళ్లు. ఇప్పుడు ఆడవాళ్లే నలుగురైదుగురు కలిసి వస్తున్నారు. నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, సిద్దిపేట నుంచి. స్వయంసహాయక సంఘంలో స్నేహితులు, తోటికోడళ్లు, అత్తా కోడళ్లు. ఉస్మానియాలో చూపించుకోవడానికి వచ్చి, చీటీ రాయించుకున్నాక "ఇంత దూరం వచ్చినం, చార్మినార్ చూసిపోదాం" అని ఇటు నడిచేవాళ్లు కూడా తక్కువేం కాదు.

మెట్ల దగ్గర నిలబడి వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న చార్మినార్ ఎక్కడనో, గాజుల బజారు ఎటనో కాదు. అవి దూరం నుంచే కనిపిస్తాయి. కాస్త దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "అక్కా, బాత్రూం యాడున్నది?"

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. దారి చూపించే పుస్తకాల్లో 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించాడని ఉంటుంది, దాని ఎత్తెంతో ఉంటుంది. ఆడవాళ్లకి కావలసిన సంగతులు ఉండవు. బస్సు ఎక్కించడంతో ప్రభుత్వం పని అయిపోయిందనుకుంటోంది. దిగాక ఏమవుతుందో చూసే మనిషిగా నాకు తెలిసినవి చెప్తాను.

బయల్దేరే ముందు

ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, హైదరాబాద్‌లో తిరిగే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఉంది. మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సే. పేరు చూసి మెట్రో రైలు కూడా ఉచితమనుకుని స్టేషన్ మెట్లెక్కేవాళ్లున్నారు. రైలుకి టికెట్ కొనాల్సిందే. ఆధార్‌లో చిరునామా తెలంగాణది ఉండాలి. ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురమున్నా ఆధార్ మీద గుంటూరు జిల్లా చిరునామాయే ఉంటే కండక్టర్ టికెట్ కొట్టేస్తాడు, ఆయన్ని తిట్టి లాభం లేదు. అలాగే విజయవాడ నుంచో కర్నూలు నుంచో వచ్చే అక్కచెల్లెళ్లకి వాళ్ల స్త్రీశక్తి ఇక్కడ పనిచేయదు, మన మహాలక్ష్మి అక్కడ పనిచేయదు. ఒకే భాష, ఒకే రకం పథకం, మధ్యలో ఒక గీత. పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఆ గీత ఉన్నవాళ్లని అడిగితే తెలుస్తుంది దాని బరువు.

రెండోది శుక్రవారం. ఇది కొంగుకి ముడేసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పబ్లిక్ గార్డెన్స్‌లో ఈజిప్టు మమ్మీ ఉన్న మ్యూజియం మూడూ శుక్రవారం సెలవు. జూపార్కుకి సోమవారం సెలవు. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజు జనంతో దారులు కిక్కిరిసి ఉంటాయి. పిల్లల్ని చంకనేసుకుని వచ్చి మూసిన గేటు ముందు నిలబడ్డవాళ్లని ఎంతమందిని చూశానో లెక్కలేదు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి, ఊరంతా కూడా అక్కడే ఉంటుంది. నన్నడిగితే మంగళ, బుధవారాలు మంచివంటాను.

మూడోది పొద్దు. పాతబస్తీ ఆలస్యంగా నిద్రలేస్తుంది. దుకాణాలు తెరుచుకునేసరికి పదకొండు దాటుతుంది. పొద్దున్నే వచ్చి "బజారంతా మూసి ఉందేమిటి" అని దిగులుపడకండి. పొద్దుట చూడాల్సినవి చూసి, కొనడాలు మధ్యాహ్నం తర్వాత పెట్టుకోండి.

నది దగ్గర్నుంచి నడక

అందరూ ఆటో ఎక్కి నేరుగా చార్మినార్ కింద దిగుతారు. తర్వాత ఎటు పోవాలో తెలియక ఆ గుంపులోనే గంట తిరిగి వెళ్లిపోతారు. నా మాట విని మూసీ దగ్గర మొదలుపెట్టండి. ఇమ్లీబన్ బస్టాండ్‌లో దిగినా, ఎంజీబీఎస్ మెట్రోలో దిగినా నది పక్కనే ఉంటారు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో వచ్చింది. కరీంనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లకి అది పెద్ద సౌకర్యం. అక్కణ్ణుంచి పాతబస్తీలోకి తీసుకెళ్లే లైనుకి 2024 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం రోజున ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. రైలు వచ్చేదాకా నడకే.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచేసినప్పుడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఆస్పత్రికి వచ్చినవాళ్లు ఎలాగూ అక్కడే ఉంటారు కదా, రెండు నిమిషాలు ఆగి చూడండి. టికెట్ లేదు, వరస లేదు. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన కట్టడం ఏదంటే కట్టనిదైన ఆ చెట్టే అంటాను.

వంతెన దాటి సాలార్‌జంగ్‌కి పదింటికల్లా చేరండి. సంచులు బయట అప్పగించాలి, పర్సూ ఫోనూ చేతిలో ఉంచుకోండి. అన్ని గదులూ చూడాలని పట్టుబట్టకండి, కాళ్లు పోతాయి. ముసుగు వెనక మొహం కనిపించేలా చెక్కిన పాలరాతి రెబెకా బొమ్మ, ముందు నుంచి చూస్తే మగవాడు, అద్దంలో చూస్తే ఆడపిల్లగా కనిపించే కొయ్యబొమ్మ, ఈ రెండూ తప్పకుండా చూసి, పన్నెండుకి పావుగంట ముందే గంట కొట్టే గడియారం దగ్గర చోటు పట్టుకోండి. పన్నెండింటికి బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలు కొడుతుంది కాబట్టి జనం ఆ వేళకే మూగుతారు. పదకొండింటికైనా బొమ్మ వస్తుంది. ఒక గంట తక్కువ కొడుతుంది, అంతే తేడా.

బయటికి రాకముందు చేయాల్సిన పని ఒకటుంది. మళ్లీ అక్కడికే వచ్చాను. మ్యూజియంలో బాత్రూములున్నాయి, మంచినీళ్లున్నాయి. అవసరమున్నా లేకపోయినా వెళ్లి రండి. ఎందుకంటే అక్కణ్ణుంచి మదీనా, పత్తర్‌గట్టీ, గుల్జార్‌హౌజ్ మీదుగా చార్మినార్ దాకా కిలోమీటరు పైచిలుకు దారిలో, ఆ తర్వాత గాజుల బజారులో తిరిగే రెండు మూడు గంటల్లో, నమ్మకంగా "అదిగో అక్కడ" అని నేను చూపించగలిగే చోటు లేదు. మరుగుదొడ్డి కనిపిస్తే తాళం ఉంటుంది. తాళం లేకపోతే నీళ్లుండవు. రెండూ సరిగ్గా ఉన్నచోట మగవాళ్లు ఊరికే పోయి వస్తుంటే మన దగ్గర ఐదో పదో తీసుకుంటారు. ఇక మిగిలింది చౌమహల్లా లోపల ఉన్నది. అక్కడికీ టికెట్ కొనుక్కునే వెళ్లాలి. అంటే లెక్క ఏమిటయ్యా అంటే, బస్సుకి జీరో టికెట్, బాత్రూంకి ప్యాలెస్ టికెట్.

ఆడవాళ్లు దీనికి కనుక్కున్న ఉపాయం అందరికీ తెలిసిందే. నీళ్లు తాగరు. పొద్దున ఐదింటికి ఇంట్లో తాగిన టీ తప్ప సాయంత్రం దాకా గొంతు తడపని వాళ్లని రోజూ చూస్తాను. మే నెల ఎండలో కూడా. మూత్రంలో మంట, జ్వరం అని తర్వాత డాక్టర్ల చుట్టూ తిరిగేదీ వాళ్లే. నెలసరి రోజులైతే ఇక బయల్దేరడమే మానేస్తారు. గర్భిణులూ, షుగరున్న పెద్దవాళ్లూ మానేస్తారు. దుకాణాల్లో పనిచేసే మాలాంటి వాళ్ల సంగతీ ఇంతే. అమ్మకాలకి ఆడపిల్లల్ని పెట్టుకున్న దుకాణాలు ఎన్నో, వాళ్లకంటూ ఒక బాత్రూం ఉన్నవి ఎన్నో లెక్క తీస్తే బయటపడుతుంది.

2025 జనవరి 15న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. దేశంలో అన్ని కోర్టుల్లోనూ మగవాళ్లకి, ఆడవాళ్లకి, వికలాంగులకి, ట్రాన్స్‌జెండర్లకి వేర్వేరుగా మరుగుదొడ్లు ఉండాలని, అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. మా మదీనా పక్కన మూసీ ఒడ్డునే హైకోర్టు భవనం ఉంది. దాని గోడ లోపల హక్కు అయినది గోడ బయట దయాదాక్షిణ్యం ఎందుకవ్వాలి? ముంబైలో 2011లోనే మహిళా సంఘాలు దీనిమీద ఉద్యమం కట్టాయి. మనం ఇంకా గొంతు తగ్గించి అడుగుతున్నాం.

చేతనైన ఉపాయం ఒకటి చెప్తాను. ఈ ప్రాంతంలో పాత ఇరానీ హోటళ్లలో కొన్నిటికి పైన ఫ్యామిలీ రూం ఉంటుంది. గుమ్మంలో మగవాళ్ల గుంపు చూసి వెనక్కి తగ్గకండి. లోపలికి వెళ్లి "ఫ్యామిలీ?" అని అడిగితే మెట్లు చూపిస్తారు. ఫ్యాను కింద కూర్చుని చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి, చేతులు కడుక్కునే చోటు అడగండి. ఒక చాయ్‌కి పావుగంట కూర్చునే చోటు దొరకడం ఈ బజారులో చిన్న సంగతి కాదు. బజారులో ఆడవాళ్లు కూర్చోవడానికి ఒక అరుగు కూడా లేదు. మసీదు మెట్లో, దుకాణం మెట్లో, ఎవరో లేపేదాకా.

అతిథులొచ్చినప్పుడు

2025 మే 13న ప్రపంచ సుందరి పోటీలకొచ్చిన వందమందికి పైగా అమ్మాయిలు చార్మినార్, లాడ్ బజార్ చూశారు. రాత్రి చౌమహల్లాలో విందు. ఆ సాయంత్రం కోసం రాకపోకలు మళ్లించారు, దారి ఖాళీ చేశారు, దీపాలు పెట్టారు. దుకాణాలవాళ్లు గాజులు తొడిగారు. ఆ అమ్మాయిల మీద నాకు ఏ కోపమూ లేదు, నవ్వుతూ వచ్చారు, చూశారు, వెళ్లారు. కానీ ఒక్క సాయంత్రానికి ఆడవాళ్లు హాయిగా నడిచే దారి చేయగలిగినవాళ్లు మిగతా రోజుల్లో ఎందుకు చేయలేరు అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

సరిగ్గా ఐదు రోజులకి, మే 18 ఆదివారం పొద్దున, చార్మినార్‌కి కూతవేటు దూరంలో గుల్జార్‌హౌజ్ దగ్గర ఒక ఇంట్లో నిప్పంటుకుని 17 మంది పోయారు. కింద దుకాణాలు, పైన కాపురం, బయటికి రావడానికి ఒకే ఇరుకు దారి. పోయినవాళ్లలో పసిపిల్లలు కూడా ఉన్నారు. పండక్కి పెట్టిన దీపాలు చూసి మురిసిపోయిన వీధే అది. మీరు చీరలు చూడ్డానికో, ముత్యాలు చూడ్డానికో ఇక్కడ పైఅంతస్తు ఎక్కితే, బేరం మొదలుపెట్టే ముందు కిందికి దిగే మెట్లు ఎన్ని, ఎటున్నాయి అని ఒకసారి చూసుకోండి. పిల్లల చెయ్యి వదలకండి.

ఇక చార్మినార్. 15 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, గోల్కొండలోనూ అంతే. ఈ రెండూ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. పైదాకా 149 మెట్లు అంటారు గానీ చూడ్డానికొచ్చేవాళ్లని మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు. అదైనా మెట్లు ఎత్తెత్తుగా, గుండ్రంగా, చీకటిగా ఉంటాయి. కుచ్చిళ్లు పైకి దోపుకోండి, చున్నీ ముడేసుకోండి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మని బలవంతంగా ఎక్కించకండి. ఆమెని కింద ఒంటరిగా వదిలేసి అందరూ పైకి పోకండి, ఒకరు తోడుండండి. నిజం చెప్పాలంటే పైనుంచి చూస్తే చార్మినార్ కనపడదు, జనం కనపడతారు. అదీ బాగానే ఉంటుంది.

లాడ్ బజార్‌లో గాజులు కొనేవాళ్లు వెంట సరిపోయే పాత గాజు ఒకటి తీసుకురండి. టూ-ఫోరా, టూ-సిక్సా అని దుకాణంలో తడుముకునే పని ఉండదు. గాజు గాజులు ఎక్కువగా ఫిరోజాబాద్‌వి, మీ ఊళ్లోనూ దొరుకుతాయి. ఇక్కడివి లక్క గాజులు. బొగ్గుల మీద లక్క కాచి, రంగు కలిపి, తిప్పి, వేడి చల్లారకముందే ఒక్కొక్క రాయీ చేత్తో పొదుగుతారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రాళ్లు పొదిగే పనిలో చాలాభాగం పాతబస్తీ ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. 2015 జనవరిలో ఇక్కడి గాజుల పనిలోంచి రెండు వందలమందికి పైగా బిహార్ పిల్లల్ని పోలీసులు విడిపించిన సంగతి కూడా నాకు గుర్తుంది. అందుకని బేరం ఆడండి, ఆడొద్దని నేనెందుకంటాను, ఈ బజారులో బేరమాడకపోతే వాళ్లే చిన్నబుచ్చుకుంటారు. కానీ సగానికి సగం తెగ్గోసి గెలిచామనుకునేటప్పుడు ఆ తగ్గింది ఎవరి చేతి కూలిలోంచో ఒక్క క్షణం అనుకోండి. ముత్యాలు కొంటే మాత్రం బిల్లు లేకుండా కొనకండి. హైదరాబాద్ ముత్యాలంటే ఇక్కడ పండినవి కావు. బయటినుంచి వచ్చినవాటికి రంధ్రం వేసి, మెరుగుపెట్టి, గుచ్చే పనితనమే ఇక్కడిది.

పొద్దు వాలాక

చార్మినార్ అసలు అందం దీపాలు పెట్టాక. ఆ వేళకి ఊళ్లనుంచి వచ్చినవాళ్లు బస్టాండ్‌లో ఉంటారు. చీకటి పడకముందే ఇల్లు చేరాలి కదా! ఊరికి దూరంగా ఉన్నవాళ్లకి ఇంకో దారి లేదు, ఉచిత బస్సు ఎక్కడానికి ఒకటి రెండు వదిలేయాల్సి వస్తుంది, ఆ జనంలో నిలబడి పోవాల్సి వస్తుంది. కాబట్టి ఆఖరి బస్సు కాదు, దాని ముందు బస్సు కూడా కాదు, ఇంకా ముందుది లెక్కలో పెట్టుకోండి.

కానీ నగరంలోనే ఉండేవాళ్లకి చెప్తున్నాను, ఒక్కసారి రంజాన్ నెలలో రాత్రి రండి. పత్తర్‌గట్టీ నుంచి చార్మినార్ దాకా అర్ధరాత్రి దాటినా దుకాణాలు తెరిచే ఉంటాయి. పసిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, ముసలమ్మలు, కాలేజీ పిల్లలు, బురఖాలో ఉన్నవాళ్లు, లేనివాళ్లు, వీధంతా ఆడవాళ్లే. జనం తోపులాటలో పర్సు జాగ్రత్త అంతే గానీ, ఏడాది మొత్తంలో నాకు భయం లేకుండా ఇంటికి వెళ్లే రాత్రులు అవి. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో షీ టీములు వచ్చాయి, మంచిదే, పిలవాల్సి వస్తే 112 గుర్తుంచుకోండి. అయినా నేను చూసినంతలో వీధికి రక్షణ ఇచ్చేవి వెలుగు, తెరిచి ఉన్న దుకాణం, చుట్టూ ఇంకా పదిమంది ఆడవాళ్లు. "ఆడవాళ్లు రాత్రిపూట ఎందుకు రావాలి" అనేవాళ్లు ఈ మూడోదాన్ని తీసేస్తున్నారు. తీసేసి, వీధి బాగాలేదంటున్నారు.

గోల్కొండకి ఇంకో రోజు పెట్టుకోండి, ఒకే రోజులో రెండూ కుదరవు. పొద్దున్నే వెళ్లండి, మూడు వందల అరవై దాకా మెట్లున్నాయి, నీడ తక్కువ. చెప్పులు గట్టివి వేసుకోండి. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుందని పిల్లలంతా కొడుతూనే ఉంటారు. రామదాసు చెర దగ్గర మనవాళ్లు కాసేపు నిలబడిపోతారు. కొండ మీద జగదాంబ గుడి ఉంది. ఆషాఢంలో బోనాలు ఊరంతటికన్నా ముందు ఇక్కడే మొదలవుతాయి, ఆ నెల్లో ఆది, గురువారాలు కోట చూడ్డానికి కాదు, అమ్మవారిని చూడ్డానికి రండి.

కోట దిగాక అలసిపోయి చాలామంది వెనక్కి తిరుగుతారు. అక్కడికి దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధులున్నాయి. ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్లకి పైగా వాటిని బాగుచేసి 2024 జూలైలో అప్పగించింది. అక్కడ చూడమని చెప్పేది హయత్ బక్షీ బేగం సమాధి. తండ్రి ఐదో సుల్తాను, భర్త ఆరో సుల్తాను, కొడుకు ఏడో సుల్తాను. ఆ కొడుకు చిన్నవయసులో గద్దెనెక్కితే రాజ్యం వెనక నిలబడి నడిపించింది ఆవిడే. 1667లో పోయింది. సుల్తానుల సమాధులకి ఏమాత్రం తీసిపోని గుమ్మటం ఆవిడది. విజయవాడ నుంచి వచ్చేవాళ్లు బస్సులో నిద్రలోనే దాటేసే హయత్‌నగర్ ఆవిడ పేరే. అదే తోటలో ఆటపాటల తారామతి, ప్రేమామతి సమాధులు కూడా ఉన్నాయి.

ఇలాంటివి ఇంకొన్ని ఏ బస్సు టూరు జాబితాలోనూ ఉండవు. కోఠీ ఉమెన్స్ కాలేజీ, 2024 నుంచి చాకలి ఐలమ్మ పేరుతో ఉన్న మహిళా విశ్వవిద్యాలయం, అందులోనే పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. 1800ల మొదట్లో కట్టిన ఆ భవనం ముందు భాగాన్ని పర్దాలో ఉన్న ఖైరున్నీసా చూడ్డానికి వీలుగా భర్త కిర్క్‌పాట్రిక్ చిన్న నమూనా చేయించి జనానా తోటలో పెట్టాడని చెప్తారు. 1949 నుంచి ఆ ముందు గుమ్మం మెట్ల మీద వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నడిచారు. చదువుకునే చోటు కాబట్టి అనుమతి అడిగి వెళ్లాలి. మౌలాలి గుట్ట కింద మాహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఈ కవయిత్రి తల్లికోసం తానే కట్టించిన సమాధి పక్కన పడుకుంది.

ఇన్ని చెప్పాక కూడా "మాకు శుక్రవారమే సెలవు, ఏం చేయం?" అని అడిగేవాళ్లుంటారు, మా దుకాణానికొచ్చే ఒక టీచరమ్మ అడిగింది కూడా. శుక్రవారమైతే పొద్దున్నే గోల్కొండ వెళ్లండి, అది తెరిచే ఉంటుంది. మధ్యాహ్నం ఎండ తగ్గాక బిర్లా మందిర్ మెట్లెక్కండి. మధ్యాహ్నం కాసేపు గుడి మూస్తారు, ఫోన్లు లోపలికి రానివ్వరు, కింద అప్పగించాలి. ఫోటోలు రావని బెంగపడకండి, అక్కడ పాలరాయి మీద కూర్చుని హుస్సేన్‌సాగర్ మీద పొద్దు వాలడం చూడొచ్చు, ఎవరూ లేవమనరు.